ఇరవై నిమిషాల పరీక్ష

నడిసంద్రంలోని చమురు ప్లాట్‌ఫామ్‌పై ప్రమాదం జరిగితే లైఫ్‌బోటుకన్నా ముందు కావాల్సింది నిర్ణయం. దాన్ని సిమ్యులేటర్‌లో నేర్పవచ్చు. ఎవరికి నేర్పుతున్నాం, ఏ ప్రమాదాన్ని చూపించి నేర్పుతున్నాం అన్నదే అసలు ప్రశ్న

ఈత కొలను మీద క్రేనుకు వేలాడుతున్న ఆ డబ్బా హెలికాప్టర్‌లా కనిపించదు. రెక్కల్లేవు, ఇంజిన్ లేదు. లోపల మాత్రం సీట్లు, బెల్టులు, కిటికీలు అన్నీ హెలికాప్టర్‌లో ఉన్నట్టే ఉంటాయి. హెల్మెట్లు పెట్టుకున్న ట్రైనీలు అందులో కూర్చుని బెల్టులు బిగించుకుంటారు. డబ్బా నీళ్లలోకి దిగుతుంది. నీరు మోకాళ్లు దాటి, నడుము దాటి, గొంతుదాకా వస్తుంది. గట్టిగా ఊపిరి పీల్చుకునేలోగానే డబ్బా తలకిందులవుతుంది. ముక్కులోకి నీళ్లు. ఏది పైనో, ఏది కిందో తెలియని గందరగోళం. అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే, కాసేపు ఏమీ చేయకపోవడం. ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని, రెండో చెయ్యి బెల్టు బకిల్‌పై ఉంచి, డబ్బా కదలడం ఆగేదాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాతే కిటికీని తోసి, బెల్టు విప్పి, పట్టు వదలని ఆ చేతి ఆధారంతోనే బయటికి రావాలి. కంగారులో ముందే బెల్టు విప్పినవాడు తేలిపోయి డబ్బాలో ఏదో మూలకు చేరతాడు. కిటికీ ఎక్కడుందో ఇక అతనికి దొరకదు.

హెలికాప్టర్‌కు బరువంతా పైభాగంలోనే ఉంటుంది. ఇంజిన్లు, గేర్‌బాక్సు నెత్తిమీద ఉన్న యంత్రం నీళ్లలో పడితే తిరగబడడం దాని స్వభావం. అందుకే సముద్రంలో పడ్డ హెలికాప్టర్లలో దెబ్బ తగిలి చనిపోయేవాళ్లే కాదు, దెబ్బ తట్టుకుని కూడా బయటికి రాలేక మునిగి చనిపోయేవాళ్లూ ఉంటారు. 2022 జూన్ 28న ముంబై తీరానికి దూరంగా సాగర్ కిరణ్ రిగ్గు దగ్గర ఓఎన్‌జీసీ పని మీద వెళ్తున్న పవన్ హన్స్ హెలికాప్టర్ సముద్రంలో పడింది. అందులో ఉన్నది తొమ్మిది మంది. ఐదుగురు బతికారు, నలుగురు చనిపోయారు. 2009 మార్చి 12న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరానికి ఆవల చమురు క్షేత్రాలకు వెళ్తున్న హెలికాప్టర్ కూలితే 18 మందిలో బతికింది ఒక్కరే.

గోవాలోని బేతుల్‌లో ఓఎన్‌జీసీ సముద్ర ప్రాణరక్షణ శిక్షణ కేంద్రాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2024 ఫిబ్రవరి 6న ప్రారంభించారు. ఏటా 10,000 నుంచి 15,000 మందికి ఇక్కడ శిక్షణ ఇవ్వవచ్చని ప్రభుత్వం అప్పట్లో ప్రకటించింది. ప్రతికూల వాతావరణాన్ని కృత్రిమంగా సృష్టించి అందులో బతికి బయటపడడం నేర్పడం దీని ప్రత్యేకత. దేశంలో సముద్రపు చమురు తవ్వకం అర్ధశతాబ్దం కిందటిది. బాంబే హై క్షేత్రం బయటపడింది 1974లో. ఆ లెక్కన ఇది కాస్త ఆలస్యంగా వచ్చిన కొలనే. అయినా వచ్చింది, మంచిదే.

ఇంతకీ డబ్బాలో తలకిందులవడం సిమ్యులేటర్ శిక్షణలో తేలికైన భాగం. అక్కడ సరైన జవాబు ఒక్కటే ఉంటుంది. కష్టమైన భాగం నీళ్లలో కాదు, ప్లాట్‌ఫామ్ మీది కంట్రోల్ రూమ్‌లో ఉంటుంది. అక్కడ జవాబు ఏదో ఎవరికీ తెలియదు, గడియారం మాత్రం ఆగదు.

దీన్ని ప్రపంచానికి నేర్పింది పైపర్ ఆల్ఫా. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌కు దాదాపు 190 కిలోమీటర్ల దూరాన ఉత్తర సముద్రంలో ఉన్న ఆ ప్లాట్‌ఫామ్‌పై 1988 జూలై 6 రాత్రి 10 గంటలకు పేలుడు జరిగింది. కారణం వింటే చిన్నదిగా అనిపిస్తుంది. పగటి షిఫ్టులో ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వును మరమ్మతు కోసం తీశారు. ఆ ఖాళీని తాత్కాలికంగా ఒక పలకతో మూశారు. రాత్రి షిఫ్టుకు ఆ సంగతి చేరలేదు. రెండో పంపు ఆగిపోయినప్పుడు వాళ్లు మొదటి పంపును నడిపించారు. గ్యాస్ లీకైంది, అంటుకుంది. మంటలార్పే పంపులు ఆటోమేటిక్‌గా మొదలు కావాల్సింది. కానీ నీళ్లలో గజ ఈతగాళ్లు పనిచేసే వేళల్లో వాళ్లను పంపులు లాగేసుకోకుండా వాటిని మాన్యువల్‌లో పెట్టే అలవాటు అక్కడుంది. ఆ రాత్రీ అలాగే ఉన్నాయి.

మొదటి పేలుడుకు, పక్క ప్లాట్‌ఫామ్ నుంచి వచ్చే పెద్ద గ్యాస్ గొట్టం పగిలి ప్లాట్‌ఫామ్ నిప్పుల కొండగా మారడానికి మధ్య దాదాపు ఇరవై నిమిషాల వ్యవధి ఉంది. ఆ ఇరవై నిమిషాల్లో సిబ్బందిలో చాలామంది, తమకు నేర్పినట్టే, వసతి గృహం ఉన్న భాగానికి చేరారు. హెలికాప్టర్ వస్తుందని ఎదురుచూశారు. పొగ కమ్మేసిన హెలిడెక్ మీద ఏ హెలికాప్టరూ దిగలేదు. వదిలి వెళ్లమనిగానీ, దూకమనిగానీ, మరో దారి వెతుక్కోమనిగానీ ఆజ్ఞ రాలేదు. అక్కడే ఎదురుచూసినవారిలో 80 మంది వరకు అక్కడే చనిపోయారు. ఆజ్ఞ కోసం ఆగకుండా తాళ్లు పట్టుకుని కిందికి దిగినవారిలో, ఎత్తు చూసుకోకుండా దూకినవారిలో ఎక్కువమంది బతికారు. ప్లాట్‌ఫామ్‌పై ఉన్న 226 మందిలో మిగిలింది 61 మందే. కాపాడడానికి వచ్చిన పడవలోని ఇద్దరితో కలిపి మృతులు 167.

పైపర్‌కు గొట్టాలతో కలిసి ఉన్న పక్క ప్లాట్‌ఫామ్‌లు టార్టాన్, క్లేమోర్. దూరాన మంటలు కనిపిస్తున్నా అవి వెంటనే ఉత్పత్తి ఆపలేదు. ఆపేస్తే తిరిగి మొదలుపెట్టడానికి పట్టే కాలం, ఖర్చు, ఒడ్డునున్న ఆఫీసును అడగాలన్న జంకు, ఏమైతేనేం, కొంత ఇంధనం ఆ మంటలకు అందుతూనే ఉంది.

విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 1990 నవంబర్‌లో 106 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. పర్మిట్ల పద్ధతి నుంచి వాల్వుల దాకా అందులో లేనిది లేదు. అయితే ఇక్కడ ముఖ్యమైనది ఒకటుంది. ప్లాట్‌ఫామ్ మేనేజర్‌గా ఎవరినైనా పెట్టే ముందు ఆ మనిషి ఆపదలో ఆజ్ఞాపించగలడా లేదా అన్నది పరీక్షించాలని కల్లెన్ అన్నారు. పైపర్ ఆల్ఫా మేనేజర్ చెడ్డవాడు కాదు, పని తెలియనివాడూ కాదు. మామూలు రోజుల్లో ఉత్పత్తి నడిపించడానికి కావాల్సిన అనుభవం అతనికుంది. ఆ అనుభవం ఆ రాత్రికి పనికిరాలేదు. ప్రాణాలు కాపాడే చొరవ అతని నుంచి రాలేదని కల్లెన్ తేల్చారు. ఆయన కూడా ఆ రాత్రే చనిపోయారు.

ఆ తర్వాతి దశాబ్దంలో అబర్డీన్ కేంద్రంగా కొత్త చదువొకటి మొదలైంది. మనస్తత్వ శాస్త్రవేత్త రోనా ఫ్లిన్, ఆమె సహచరులు ప్లాట్‌ఫామ్ మేనేజర్లను, అగ్నిమాపక అధికారులను, విమాన కెప్టెన్లను, సైనికాధికారులను పక్కపక్కన పెట్టి చూశారు. ఒత్తిడిలో మనిషి ఎలా నిర్ణయిస్తాడన్నది వాళ్ల ప్రశ్న. ఫ్లిన్ 1996లో ప్రచురించిన పుస్తకం పేరే ‘వేడి కుర్చీలో కూర్చోవడం’ అన్న అర్థంలో ఉంటుంది. నిప్పు ముందు నిలబడ్డ అధికారి పది మార్గాలను తూకం వేసి మంచిదాన్ని ఎంచుకోడు. అంత తీరిక ఉండదు. ఇంతకుముందు చూసిన దృశ్యాల్లో దీన్ని పోలినది ఏదో చటుక్కున గుర్తుపట్టి, దానికి తగ్గ పని చేస్తాడు. అదే నిజమైతే, ఏ దృశ్యమూ చూడనివాడికి గుర్తుకొచ్చేది ఏమీ ఉండదు. పెద్ద ప్రమాదాలు అరుదు కాబట్టి ఏ మేనేజరైనా తన ఉద్యోగకాలంలో ఒక్కటి కూడా చూడకపోవచ్చు. చూడకూడదనే అందరి కోరిక. కాబట్టి కృత్రిమంగా చూపించాలి. సిమ్యులేటర్ వెనుకున్న వాదన ఇంతే.

ఆ గది చూడ్డానికి పెద్ద ఆర్భాటంగా ఉండదు. ప్లాట్‌ఫామ్ కంట్రోల్ రూమ్ నమూనా, అలారం ప్యానెళ్లు, ఫోన్లు, రేడియో, గోడకు తెల్లబోర్డు. మేనేజర్ పాత్రలో కూర్చున్న ట్రైనీకి ఇద్దరు ముగ్గురు సహాయకులు. పక్క గదిలో శిక్షకులు ఉంటారు. అగ్నిమాపక దళం నాయకుడి గొంతు, స్టాండ్‌బై ఓడ కెప్టెన్ గొంతు, ఒడ్డునున్న ఆఫీసు గొంతు, భయంతో అరిచే వంటవాడి గొంతు, అన్నీ వాళ్లవే. మొదట ఒక గ్యాస్ అలారం మోగుతుంది. అది నిజమో కాదో తేలకముందే ఇంకొకటి. హాజరు లెక్క తీస్తే ఇద్దరు తక్కువ. రేడియోలో సగం మాట వినబడి తెగిపోతుంది. సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసు నుంచి ఫోను, అక్కడ ఏమవుతోందని. ఫోను పెట్టేసి పని చూడమని సహాయకుడికి చెప్పగలగడం కూడా ఇక్కడ పరీక్షలో భాగమే. తప్పిపోయిన ఇద్దరి కోసం దళాన్ని మంటల్లోకి పంపాలా? మిగతా వందమందిని లైఫ్‌బోట్లు ఎక్కించాలా? గాలి ఎటు వీస్తోందో చూడకుండా లైఫ్‌బోట్లు దించితే పొగలోకే దింపినట్టు. ఆలస్యం చేస్తే దించే అవకాశమే పోవచ్చు.

శిక్షకులు లెక్కగట్టేది ట్రైనీ ఏం నిర్ణయించాడన్నది మాత్రమే కాదు. తనకు తెలిసినదాన్ని, ఊహిస్తున్నదాన్ని వేరుచేసి చెప్పాడా? పదేసి నిమిషాలకోసారి గదిలో అందర్నీ ఆపి పరిస్థితి ఒక్క మాటలో చెప్పాడా? ఎదుటివాడు ‘సరే’ అన్నప్పుడు దేనికి సరే అన్నాడో తిరిగి అడిగాడా? విమానయానంలో పైలట్లకు నేర్పే పాఠాలే ఇవి. చమురు పరిశ్రమ వాటిని అక్కడి నుంచే తెచ్చుకుంది.

మేనేజర్ కుర్చీ ఒక్కటే వేడిది కాదు. 1982 ఫిబ్రవరిలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఓషన్ రేంజర్ అనే తేలియాడే రిగ్గు తుపానులో చిక్కుకుంది. ఒక అల బ్యాలస్ట్ కంట్రోల్ రూమ్ కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. రిగ్గు అడుగున ట్యాంకుల్లోకి నీళ్లు నింపి, తోడి, దాన్ని నిటారుగా నిలబెట్టేది ఈ గదే. ప్యానెల్ మీద ఉప్పునీళ్లు పడ్డాయి. వాల్వులు వాటంతటవే తెరుచుకున్నట్టు అనిపించింది. విద్యుత్తు తప్పితే వాడడానికి ఇత్తడి కడ్డీలు ఉన్నాయి. వాటిని తోస్తే వాల్వులు మూసుకుంటాయనుకున్నారు. నిజానికి తెరుచుకున్నాయి. తెల్లవారేలోగా రిగ్గు మునిగింది. 84 మందిలో ఒక్కరూ మిగల్లేదు. లైఫ్‌బోటులో కొందరు సహాయ ఓడ దాకా చేరగలిగారు, అందరూ చూస్తుండగానే ఆ బోటు తిరగబడింది. ఆ కడ్డీలు ఏం చేస్తాయో ఆ గదిలో ఉన్నవాళ్లకు ఎవరూ సరిగ్గా నేర్పలేదని రాయల్ కమిషన్ విచారణలో బయటపడింది.

ఒక నిజం రిగ్గును వంచి, ఆ కడ్డీలను తోయించి నేర్పడం కుదరదు. సిమ్యులేటర్‌లో మాత్రం ఎన్నిసార్లయినా ముంచవచ్చు. అదే ఊరిలో, సెయింట్ జాన్స్‌లోని మెరైన్ ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు బ్యాలస్ట్ నియంత్రణను సిమ్యులేటర్ మీద నేర్పుతోంది. అక్కడి మెమోరియల్ యూనివర్సిటీ పరిశోధకులు ప్లాట్‌ఫామ్ లోపలి దారులను కంప్యూటర్‌లో కట్టి, పొగలో, చీకట్లో బయటపడడం నేర్పే ప్రయోగాలు కూడా చేశారు. అందరికీ ఒకే క్లాసు చెప్పి, అందరికీ ఒకే సర్టిఫికెట్ ఇచ్చేస్తే సరిపోదని ఆ ప్రయోగాలు చూపాయి. ఒకరికి రెండోసారికే దారి ఒంటబడుతుంది, మరొకరికి అరడజను సార్లు కావాలి. కొన్ని నెలలు గడిస్తే అందులో కొంత మరిచిపోతారు కూడా. పరిశ్రమలో చెలామణీ అయ్యే ప్రాథమిక ఆఫ్‌షోర్ భద్రతా సర్టిఫికెట్ గడువు నాలుగేళ్లు.

లైఫ్‌బోట్ల విషయంలో సిమ్యులేటర్‌కు ఇంకో బలమైన కారణం ఉంది. డ్రిల్లే మనుషుల్ని చంపుతోంది. బ్రిటన్ నౌకా ప్రమాదాల దర్యాప్తు సంస్థ 2001లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, అది పరిశీలించిన పదేళ్లలో లైఫ్‌బోట్లు, వాటిని దించే పరికరాల వల్ల 12 మంది నావికులు చనిపోయారు, 87 మంది గాయపడ్డారు. వాణిజ్య నౌకలపై జరిగిన మొత్తం మరణాల్లో ఇది 16 శాతం. ప్రాణాలు కాపాడే పడవ మీద సాధన చేస్తూ ప్రాణాలు పోగొట్టుకోవడమన్నమాట. కొక్కెం సరిగ్గా పడకపోయినా, ముందే విడిపోయినా పడవ అంత ఎత్తు నుంచి కింద పడుతుంది. పైగా అలలెత్తే సముద్రంలోకి డ్రిల్లు కోసం ఎవరూ పడవ దించరు. ఫలితంగా, నడిపేవాడు ప్రశాంతమైన రోజునే సాధన చేస్తాడు, వాడాల్సి వచ్చేది మాత్రం తుపానులో. కదిలే వేదిక మీద లైఫ్‌బోటు క్యాబిన్ నమూనాను అమర్చి, ఎదుట తెరపై అలలు చూపించే సిమ్యులేటర్లు ఈ లోటు పూడ్చడానికే వచ్చాయి.

అయితే యంత్రాన్ని నమ్మి నిశ్చింతగా ఉండడమూ ప్రమాదమే. డబ్బా కిటికీ నిజమైన హెలికాప్టర్ కిటికీకన్నా సులువుగా ఊడితే ట్రైనీ తప్పు నేర్చుకుని వెళ్తాడు. 2013లో షెట్లాండ్ దీవుల దగ్గర హెలికాప్టర్ కూలి నలుగురు చనిపోయాక బ్రిటన్ విమానయాన అధికారులు ఈ కిటికీల లెక్క కూడా తీశారు. 2015 ఏప్రిల్ నుంచి అక్కడ 22 అంగుళాలు, అంతకుమించి భుజాల వెడల్పున్న ప్రయాణికుణ్ని, అతను పట్టేంత కిటికీ పక్కనే కూర్చోబెడుతున్నారు. కొలనులో ఎంత నేర్పినా, పట్టని కిటికీలోంచి మనిషి రాలేడు కదా.

అంతకన్నా లోతైన చిక్కు మరొకటి. సిమ్యులేటర్ గదిలోకి అడుగుపెట్టే ప్రతివాడికీ ఏదో జరగబోతోందని తెలుసు. బావి నియంత్రణ కోర్సుకు వచ్చిన డ్రిల్లర్, బావి పొంగుతుందని తెలిసే కుర్చీలో కూర్చుంటాడు. గేజీ ముల్లు కదలగానే పట్టేస్తాడు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద ఉన్నవాళ్లు అనుభవం లేనివాళ్లేమీ కాదు. బావికి వేసిన సిమెంటు నిలుస్తోందో లేదో చూసే పరీక్షలో డ్రిల్ పైపు మీద 1,400 పీఎస్ఐ ఒత్తిడి చూపించింది, పక్క గొట్టంలో సున్నా. రెండూ ఒకటే కావాలి. తేడా ఉందంటే బావి మూసుకోలేదని అర్థం. కానీ పని దాదాపు అయిపోయింది, ఆలస్యం ఇప్పటికే చాలా అయింది. ఆ తేడాకు ఒక వివరణ దొరికింది, అందరూ ఒప్పుకున్నారు. కొద్ది గంటల్లో బావి విరుచుకుపడింది. 126 మందిలో 11 మంది చనిపోయారు, చమురు 87 రోజులు పారింది. ఆ రిగ్గు మీద అగ్నిప్రమాద డ్రిల్లు ప్రతి ఆదివారం ఒకే వేళకు జరిగేది. డ్రిల్లులు క్రమం తప్పలేదు, ప్రమాదమే మంగళవారం రాత్రి వచ్చింది.

కాబట్టి మంచి సిమ్యులేటర్ పాఠంలో కొన్నిసార్లు ఏమీ జరగకూడదు. కొన్నిసార్లు ప్రమాదం అలారంతో కాకుండా, పక్కవాడు చెప్పే నమ్మదగ్గ వివరణ రూపంలో రావాలి. ‘మరోసారి పరీక్ష చేద్దాం’ అనే మాటను పై అధికారి ముఖం మీద అనడం సాధన చేయించాలి. మనదేశంలో ఇది మరీ అవసరం. సార్ తేల్చేశాక మళ్లీ అడగడం మన ఆఫీసుల్లో ఎవరూ నేర్పని విద్య.

ముంబై హై ప్రమాదాన్ని ఈ కళ్లతో చూడాలి. 2005 జూలై 27. ముందురోజే ముంబైని 944 మిల్లీమీటర్ల వాన ముంచెత్తింది. తీరానికి 160 కిలోమీటర్ల దూరాన సముద్ర సురక్ష అనే సహాయ ఓడలో ఒక వంటవాడి వేళ్లు తెగాయి. హెలికాప్టర్లు ఎగిరే పరిస్థితి లేదు. వైద్యం కోసం అతన్ని ముంబై హై నార్త్ ప్లాట్‌ఫామ్‌కు ఎక్కించాలనుకున్నారు. ఓడను కదలకుండా నిలబెట్టే కంప్యూటర్ వ్యవస్థలో ఇబ్బంది ఉండడంతో చేత్తో నడుపుతూ తెచ్చారు. గాలి చాటు వైపున్న క్రేను పనిచేయడం లేదు. గాలికి ఎదురుగా ఉన్న వైపు నుంచే ఓడ దగ్గరికి వచ్చింది. వంటవాణ్ని బుట్టలో పైకి లాగారు. ఆ తర్వాత అలల తాకిడికి ఓడ హెలిడెక్ ప్లాట్‌ఫామ్ రైజర్లకు, అంటే సముద్రగర్భం నుంచి గ్యాస్, చమురు పైకి తెచ్చే నిలువు గొట్టాలకు, కొట్టుకుంది. నిప్పంటుకుంది. రెండు గంటల్లో ఏడంతస్తుల ప్లాట్‌ఫామ్ కూలిపోయింది.

ఆ సముదాయంలో, పక్కనున్న రిగ్గుపై, ఓడలో కలిపి 384 మంది ఉన్నారు. 362 మందిని కాపాడారు. వానాకాలపు సముద్రంలో ఆ చీకట్లో నౌకాదళం, తీర రక్షక దళం, ఇతర ఓడలు చేసిన పని చిన్నది కాదు. ఓడలో ఒత్తిడి గదుల్లో చిక్కుకుపోయిన ఆరుగురు గజ ఈతగాళ్లను 36 గంటల తర్వాత బయటికి తెచ్చారు. 22 మంది మాత్రం తిరిగిరాలేదు. ప్లాట్‌ఫామ్ సముదాయంలోని ఎనిమిది లైఫ్‌బోట్లలో దించగలిగినవి రెండే. పది తెప్పల్లో ఒక్కటే.

ఇందులో పేలుడు ముందు జరిగిన నిర్ణయాలే అసలు పాఠం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పుగా అనిపించదు. దెబ్బ తగిలిన మనిషికి వైద్యం కావాలి, అడిగితే కాదనడం కష్టం. క్రేను లేదు, వేరే వైపు నుంచి రమ్మనడం సహజం. కంప్యూటర్ మొరాయిస్తే చేత్తో నడపడం నావికుడి నేర్పు. ఈ మూడూ కలిస్తే ఓడను గ్యాస్ గొట్టాల పక్కకు రానివ్వకూడదు అని ఎవరో ఒకరు అనాలి. అనే అధికారం ఎవరిది? ఓడ కెప్టెన్‌దా, ప్లాట్‌ఫామ్ మేనేజర్‌దా? ఇలాంటి చోట ఇద్దర్నీ ఒకే సిమ్యులేటర్ గదిలో కూర్చోబెట్టకపోతే ఎవరి కోర్సులో వారు పాసవుతారు, మధ్యలో ఉన్న ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది.

ప్రమాదం తర్వాత మూడేళ్లకు, 2008లో, సముద్రంలో పెట్రోలియం కార్యకలాపాల భద్రతా నిబంధనలు వచ్చాయి. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ వాటి అమలు చూస్తుంది. డెహ్రాడూన్‌లోని ఓఎన్‌జీసీ డ్రిల్లింగ్ సంస్థలో బావి నియంత్రణ సిమ్యులేటర్లున్నాయి. గోవాలో భద్రతా శిక్షణ సంస్థ దశాబ్దాలుగా ఉంది. అంటే ఏర్పాట్లు లేవనడం అన్యాయం.

కానీ 2021 మే 17న తౌక్టే తుపానులో మునిగింది ప్లాట్‌ఫామ్ కాదు, పీ305 అనే వసతి బార్జి. ముంబై హైలో పనులు చేస్తున్న కాంట్రాక్టు సిబ్బంది అందులో ఉండేవారు. మొత్తం 261 మంది. తుపాను వస్తోందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. బార్జి తీరానికి వెళ్లిపోకుండా ప్లాట్‌ఫామ్‌కు కొంత దూరం జరిగి లంగరేసుకుని ఉండిపోయింది. లంగర్లు తెగాయి, కొట్టుకుపోయి ప్లాట్‌ఫామ్‌ను ఢీకొంది, మునిగింది. వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లు లైఫ్‌జాకెట్లతో గంటల తరబడి అలలపై తేలారు. దానితోపాటు మునిగిన వరప్రద టగ్గును కూడా కలిపితే మృతులు 80 దాటారు. కెప్టెన్ హెచ్చరికను తేలిగ్గా తీసుకున్నాడని బతికి వచ్చినవారిలో కొందరు చెప్పారు. కెప్టెన్ కూడా ప్రాణాలతో తిరిగిరాలేదు.

ఇక్కడ నిర్ణయానికి ఇరవై నిమిషాలు కాదు, రోజులున్నాయి. పైపర్ ఆల్ఫా మేనేజర్ ముందు పొగ ఉంది, పీ305 కెప్టెన్ ముందు వాతావరణ సూచన ఉంది. అయినా ప్రశ్న ఒక్కటే, ఎప్పుడు వదిలి వెళ్లాలి. తొందరపడి వెళ్తే పని దినాలు పోతాయి, తుపాను దారి మళ్లితే అనవసరంగా ఆపావన్న మాట పడాలి. ఆగితే ఏమవుతుందో ఎవరూ ముందే లెక్క చెప్పరు. ఈ బేరం బార్జి కెప్టెన్ ఒక్కడి తలలో జరిగేది కాదు. కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో, పని ఇచ్చినవారి ఆఫీసులో కూడా జరుగుతుంది. అప్పుడు సిమ్యులేటర్ కుర్చీలో కూర్చోవాల్సింది సముద్రంలో ఉన్నవాళ్లే ఎందుకు? ఒడ్డున ఏసీ గదిలో ఫోను పట్టుకునే ప్రాజెక్టు మేనేజర్ కూడా ఒకసారి కూర్చుంటే మంచిది. క్లేమోర్ అనుభవం చెప్పేదీ అదే.

ఈ చర్చ తెలుగు తీరానికి దూరం కాదు. కోనసీమ ఎదుట రవ్వ క్షేత్రం ఉంది. కాకినాడకు ఆవల లోతు నీళ్లలోని కేజీ-డీ6 నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. పక్కనే ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో తొలి చమురు వచ్చింది. ఈ లోతు నీళ్ల క్షేత్రాల్లో స్థిరమైన ప్లాట్‌ఫామ్‌లే కాదు, చమురు తీసి నిల్వచేసే తేలియాడే ఓడలూ ఉన్నాయి. తేలేదానికి ఓషన్ రేంజర్ తాలూకు ప్రశ్నలన్నీ వర్తిస్తాయి. బంగాళాఖాతపు తుపాన్ల సంగతి కోనసీమకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండిన సంగతీ ఆ ప్రాంతం మరిచిపోలేదు. అది భూమ్మీద కాబట్టి జనం పరిగెత్తి దూరం వెళ్లగలిగారు.

ఈ క్షేత్రాల్లో, ముంబై హైలో, గల్ఫ్ దేశాల సముద్రాల్లో పనిచేసే తెలుగు కుర్రాళ్లకు బోసియెట్ అంటే ఉద్యోగానికి కావాల్సిన కాగితం. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది మొదటి ప్రశ్న, కోర్సు ఎన్ని రోజుల్లో అయిపోతుందన్నది రెండోది. వాళ్ల తప్పేమీ లేదు. అడిగేవాళ్లు కాగితాన్నే అడుగుతున్నారు. నీళ్లలో తలకిందులైనప్పుడు శిక్షకుడు ఏ భాషలో చెప్పిన మాట గుర్తొస్తుంది అన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు. ఇంగ్లిష్‌లో బట్టీపట్టిన ఆరు అంచెల సూచనలకన్నా, ‘కదలకు, పట్టు వదలకు, ఆగినాక విప్పు’ అని తన భాషలో పదిసార్లు విన్నవాడి చెయ్యి ముందుగా కిటికీ అంచును వెతుక్కుంటుంది.

బేతుల్ కొలనుకు వచ్చే వేలమందిలో ఓఎన్‌జీసీ ఉద్యోగులు ఎందరు, కాంట్రాక్టర్ల వెల్డర్లు, వంటవాళ్లు ఎందరు అన్న లెక్క ఏటా బయటపెడితే సగం సంగతి తేలుతుంది. మిగతా సగం కంట్రోల్ రూమ్ నమూనాలో తేలాలి. జూలై నెల, ఎగరని హెలికాప్టర్, వేళ్లు తెగిన వంటవాడు, పనిచేయని క్రేను, గాలికి ఎదురుగా దగ్గరికొస్తున్న ఓడ. ఈ దృశ్యాన్ని తెర మీద పెట్టి, ఓడ కెప్టెన్‌నూ ప్లాట్‌ఫామ్ మేనేజర్‌నూ పక్కపక్కన కూర్చోబెట్టి, ‘దగ్గరికి రావద్దు’ అన్న మాట రేడియోలో ముందు ఎవరి నోటి నుంచి వస్తుందో, ఎన్ని నిమిషాలకు వస్తుందో రాసుకోవచ్చు.